చప్పుడు లేని చేపలు

చేపని ఎలా చూసి కొనాలో మా వారీ ఊరి మార్కెట్లో ఎవరినడిగినా ఒకటే చెప్తారు. ముందు చెవితో చూడాలి. కొట్టు బయట నిలబడి, వెనక జనరేటర్ మోగుతోందో లేదో వినాలి. మోత నిలకడగా ఉంటే గోడ మీద అరచెయ్యి వేసి అదురు చూడాలి. అదురూ బాగుంటే ముక్కు పైకెత్తి పొగ పీల్చాలి. ఈ మూడూ కుదిరాకే లోపలికెళ్ళి, ఫ్రీజర్ మూత తీయించి, చేప కన్నూ మొప్పా చూసి బేరం మొదలుపెట్టాలి. కరెంటు మీద ఎవరికీ నమ్మకం లేదు. అది వచ్చినప్పుడు వీధంతా కేకలు పెట్టి పండగ చేసుకుంటాం, పండగ ముగిసేలోపు అది పోతుంది. చేపని గడ్డకట్టించేది డీజిలే. ఈ విషయంలో మా ఊళ్ళో రెండో అభిప్రాయం లేదు.

నా పేరు ఎడిరిన్. ఆ పేరుతో నన్ను పిలిచేది పోలీసులు మాత్రమే, మిగతా అందరికీ నేను ఇంజినీర్‌ని. చదివింది ఆరో తరగతి. జనరేటర్లకు వైద్యం చేస్తాను. మార్కెట్లో డెబ్బై మూడు జనరేటర్లున్నాయి, ఏది దగ్గినా కళ్ళు మూసుకుని చెప్పగలను ఎవరిదో. ఎక్కడో దూరదేశాల్లో పెద్దమనుషులు కోటూ టై వేసుకుని, చల్లటి గదుల్లో కూర్చుని, ప్రపంచం ఇంకా చమురుని ఎందుకు వదల్లేకపోతోందని ఏటా చర్చిస్తారట. రేడియోలో విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. విమానం టికెట్లు దండగ. మా వీధికొచ్చి రుకే తల్లిని అడిగితే సరిపోయేది. నన్నడిగినా సరిపోయేదే గాని, నేను నిజం చెప్తానని హామీ ఇవ్వలేను.

రుకే తల్లి కొట్టు నా షెడ్డుకి ఎదురుగానే ఉంది. పెద్దబిడ్డ పేరు రుకే కాబట్టి ఆవిడ రుకే తల్లి. అసలు పేరేమిటో పదిహేనేళ్ళుగా ఎదురుబొదురుగా ఉన్నా నేను అడగలేదు. ఐదు పెద్ద ఫ్రీజర్లు, వాటినిండా అట్టపెట్టెల్లో వచ్చే సముద్రపు చేపలు. ఊళ్ళో భోజనాల కొట్లు నడిపే ఆడవాళ్ళలో సగంమంది ఆవిడ దగ్గరే కొనేవారు. మొగుడు పోయాక ఆ కొట్టు మీదే ముగ్గురు పిల్లల్ని చదివించింది. వెనక వరండాలో ఆవిడ జనరేటర్ ఉండేది. వారానికోసారి దానికి ఏదో ఒకటయ్యేది, వారానికోసారి నేను వెళ్ళేవాణ్ణి.

"ఇంజినీర్, నిజం చెప్పు. దీనికి ఇంకెంత ఆయుష్షుంది?" అని అడిగిందొకసారి.

"మంచి ఆయిల్ పోస్తే ఇంకో పదేళ్ళు, మేడమ్."

"పోయిన వారం కూడా పదేళ్ళే అన్నావు."

"అందులో ఒక్క వారమేగా తగ్గింది!"

ఆవిడ నవ్వలేదు. ఆ ఏడు డీజిల్ ధర మూడుసార్లు పెరిగింది. భూమిలోంచి చమురు తోడే ప్రాంతం మాది. ఊరి అవతల బావుల గ్యాస్ కాల్చేసే గొట్టాల కొసన మంట ఆరకుండా మండుతూనే ఉంటుంది. అయినా ఒక డబ్బా డీజిల్ కోసం మేము పడే తిప్పలు, చమురు చుక్క లేని దేశంవాళ్ళు కూడా పడరనుకుంటాను. రుకే తల్లి సంపాదనంతా జనరేటర్ గొట్టంలోంచి పొగై పోతోంది. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. తేడా ఏమిటంటే, ఆ పొగలో నా భోజనం కూడా ఉంది.

జనవరిలో ఒకరోజు ఎబియేరే అనే అమ్మాయి మెడలో కొలత టేపు వేసుకుని వచ్చింది. పాలిటెక్నిక్‌లో చదివిందట, సోలార్ పలకలు బిగిస్తుందట. నన్ను చూసి "అంకుల్, మీ జనరేటర్‌కి ఇక విశ్రాంతి" అంది. ఆ మాటతోనే ఆ పిల్ల నాకు నచ్చలేదు. నాలుగు రోజుల్లో కొట్టు పైకప్పు మీద ఇరవై పలకలు పరిచింది, లోపల గోడకి బ్యాటరీలు పేర్చింది. ఇందుకోసం రుకే తల్లి పొదుపు సంఘంలో పన్నెండేళ్ళుగా దాచుకున్నదంతా తీసింది. చాలక పెళ్ళినాటి పగడాల దండ కూడా అమ్మేసింది. ఆవిడకి ఇక ఉన్నదల్లా పైన ఆ పలకలూ, కింద ఈ చేపలూనే. ఇది నడవకపోతే మళ్ళీ మొదలుపెట్టడానికి చేతిలో ఏమీ లేదు.

నడిచింది. అదే వచ్చిన చిక్కు. ఐదు ఫ్రీజర్లూ పగలంతా ఎండ తాగాయి, చీకటి పడ్డాక బ్యాటరీలు తాగాయి, చేపలు రాళ్ళలా బిగిసిపోయాయి. జనరేటర్ మీద టార్పాలిన్ కప్పి, దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టారు. పదిహేనేళ్ళలో మొదటిసారి ఆ కొట్టు ముందు కాకి అరుపు వినబడింది.

మర్నాడు పొద్దున్నే కోమే వచ్చింది. కోమే భోజనాల కొట్టు లారీ స్టాండ్ పక్కన ఉంటుంది, మనిషి ఎంత పెద్దదో నోరూ అంతే. ఆవిడ ఏ కొట్టులో కొంటే మిగతా వంటవాళ్ళు అదే కొట్టుకి వెళ్తారు. అలవాటుగా గుమ్మం బయట ఆగి చెవి ఒగ్గింది. వెంటనే తలమీద చెయ్యి పెట్టుకుంది.

"రుకే తల్లీ! ఎవరమ్మా పోయింది?"

"ఎవరూ పోలేదు, నీ నోట్లో ఉప్పెయ్య! లోపలికి రా."

"మరి మెషీన్ ఏదీ?"

"దాంతో పనిలేదిక. ఎండతో నడుస్తున్నాయి అన్నీ."

కోమే పైకప్పు కేసి చూసింది, రుకే తల్లి కేసి చూసింది. "ఎండలో చేపల్ని ఆరబెడతారు తల్లీ. గడ్డకట్టించరు."

రుకే తల్లి ఫ్రీజర్ తెరిచి రెండు చేపలు తీసి ఒకదానికొకటి కొట్టింది. సుత్తితో సుత్తిని కొట్టినట్టు చప్పుడొచ్చింది. కోమే ఒక చేపని అటూ ఇటూ తిప్పి, గోటితో గీరి, ముక్కు దగ్గర పెట్టుకుని, తిరిగి లోపల పడేసింది.

"గట్టిగానే ఉంది. అదే నా భయం."

"గట్టిగా ఉంటే భయమేంటే?"

"మెషీన్ లేకుండా ఇంత గట్టిగా ఉందంటే, అందులో ఏం కలిపావక్కా?"

ఆ ప్రశ్న కోమేతోపాటు గుమ్మం దాటి మార్కెట్లోకి పోయింది. టమాటాల వరస దగ్గరికొచ్చేసరికి అది ప్రశ్నగా లేదు. మధ్యాహ్నానికల్లా ఊరందరికీ తెలిసింది, ఆస్పత్రి శవాల గదిలో వాడే మందు రుకే తల్లి చేపలకి పూస్తోందని. ఆ మందు ఇచ్చిందెవరో, సీసా రంగేమిటో కూడా కొందరు చూసినట్టే చెప్పారు. మూడో రోజుకి కొట్టులో ఈగ కూడా వాలలేదు. ఎవరో దాన్ని కూడా సాక్ష్యం కింద చెప్పారు: చూశారా, ఈగలకి సైతం తెలిసిపోయింది.

నేను నా షెడ్డులో కూర్చుని ఇదంతా చూశాను. సంతోషించానా అంటే, అవును, సంతోషించాను. దాచడమెందుకు?

ఎబియేరే ఊరుకునే రకం కాదు. "ఆంటీ, వాళ్ళకి చప్పుడే కదా కావాలి, ఇద్దాం" అంది. పక్క కొట్టు జనరేటర్ మోతని ఫోన్‌లో ఎక్కించి, పైన ఒక లౌడ్‌స్పీకర్ పెట్టి వదిలింది. నిజానికి బాగానే కుదిరింది. ఇద్దరు ముగ్గురు గుమ్మం దాకా వచ్చారు కూడా. కాని ఆ పిల్ల మోత ఎక్కించిన సమయంలో ఆ జనరేటర్‌ని బాగుచేస్తున్నది నేనే. మధ్యలో తుమ్మాను. అందుచేత రుకే తల్లి జనరేటర్ ఎనిమిది నిమిషాలకోసారి తుమ్మడం మొదలుపెట్టింది.

మూడో తుమ్ముకి కోమే వచ్చింది. గోడ మీద చెయ్యి వేసింది. గోడ కదల్లేదు. ముక్కు పైకెత్తింది. పొగ లేదు.

"అక్కా, నీ మెషీన్‌కి జలుబు చేసినట్టుంది. పొగ కూడా రావట్లేదు, ముక్కు మూసుకుపోయిందా ఏంటి?" అని వీధి వీధంతా వినేలా అంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఎబియేరే స్పీకర్ దించేసింది.

ఆ సాయంత్రం రుకే తల్లి రోడ్డు దాటి నా షెడ్డుకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మెషీన్ స్టార్ట్ చెయ్యి, ఇంజినీర్."

"ఫ్రీజర్లకి దేన్ని తగిలించమంటారు? దీన్నా, పలకల్నా?"

"ఫ్రీజర్లు ఎండ మీదే ఉంటాయి. ఇది ఊరికే మోగాలి. అంతే."

"ఊరికేనా?"

"ఊరికే."

తల వంచుకుని స్పానర్ల కోసం వెతికినట్టు నటించాను. మొహంలో నవ్వు ఆవిడకి కనబడకూడదు కదా. ఆ రోజే ఉల్లిపాయల బుట్ట దింపి, టార్పాలిన్ తీసి, డీజిల్ గొట్టంలో చేరిన గాలి వదిలించి హ్యాండిల్ తిప్పాను. ఒక నల్లటి పొగ మేఘం లేచి వీధి మీద పరుచుకుంది. గోడలు అదిరాయి. పక్క సందులో పసిపిల్ల ఏడుపందుకుంది. పావుగంటలో కోమే ప్రత్యక్షం. గోడ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది, ప్రార్థనలో ఉన్నట్టు.

"దేవుడు గొప్పవాడు, రుకే తల్లీ! మెషీన్ కోలుకుంది. ఆరు పెట్టెలివ్వు."

మొదటి రోజు ఏ చేపని ముట్టుకుని వదిలేసిందో దాన్నే ఏరి తీసుకుంది. "ఇది చూడు, ఎంత తాజాగా ఉందో" అని నాకు చూపించింది కూడా.

ఇలా గిరాకీ తిరిగొచ్చింది. కాని డీజిల్ ఇంజన్ సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు: దాన్ని బరువు లేకుండా ఊరికే తిప్పితే పాడవుతుంది. డీజిల్ పూర్తిగా కాలదు, గొట్టంలోంచి నల్లటి జిడ్డు కారుతుంది, లోపల మసి పేరుకుంటుంది. రెండు వారాల్లోనే జిడ్డు కారడం మొదలైంది. వెళ్ళి చెప్పాను.

"దీనికి ఏదో ఒక పని ఇవ్వాలి మేడమ్. లేకపోతే చస్తుంది."

"ఏం పని ఇమ్మంటావు? ఫ్రీజర్లు ఎండ మీద ఉన్నాయిగా."

"ఎక్కువ కరెంటు తాగేది ఏదైనా."

బాగా ఆలోచించి నాలుగు కరెంటు పొయ్యిలు కొన్నాం. వెనక గదిలో నాలుగింటి మీదా నాలుగు పెద్ద గిన్నెల్లో నీళ్ళు పెట్టాం. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ నీళ్ళు మరిగేవి. ఎవరికీ అక్కర్లేని వేడినీళ్ళు. మరిగి ఆవిరైతే మళ్ళీ పోసేవాళ్ళం. వారీలో చలికాలం అనేదే లేదు కాబట్టి వాటితో స్నానం చేసే పిచ్చివాడు కూడా దొరకలేదు.

గది వేడెక్కింది. గది వేడెక్కేసరికి పక్కనున్న ఫ్రీజర్లు ఎక్కువ కష్టపడ్డాయి. ఫ్రీజర్లు కష్టపడేసరికి ఎండ చాల్లేదు. ఎబియేరే వచ్చి లెక్కలు కట్టి, ఇంకో నాలుగు పలకలు బిగించింది. జనరేటర్ పొగ పైకి పోయి ఆ పలకల మీదే మసిలా కూర్చునేది. రెండ్రోజులకోసారి ఆ పిల్ల బకెట్టూ గుడ్డా పట్టుకుని పైకెక్కి కడిగేది. కడుగుతూ కిందికి నన్ను చూసి తిట్టేది. నేను కింద నుంచి దణ్ణం పెట్టేవాణ్ణి.

"అంకుల్, దేవుడు మిమ్మల్ని చూస్తూనే ఉన్నాడు!"

"ఈ పొగలో ఆయనకేం కనబడుతుందమ్మా, నీ పని చూసుకో!"

ఎబియేరే, రుకే తల్లి, నేను. ఈ ముగ్గురికి తప్ప ఊళ్ళో ఎవరికీ ఈ సంగతి తెలియదు. డీజిల్ వేడినీళ్ళకే అయిపోయేది, చేపలు ఎండతో గడ్డకట్టేవి, కొనేవాళ్ళు చప్పుడుని మెచ్చుకునేవారు. రుకే తల్లికి మిగులుబాటు పాతరోజుల కంటే తక్కువే. అయినా కొట్టు నిలబడింది. పలకలు ఎప్పటికైనా వాటి ఖర్చు తనకి తెచ్చిపెడతాయని ఆవిడ ఆశ. జనానికి మెల్లగా చెప్పొచ్చు, ఒక్కొక్కరికే చెప్పొచ్చు అనేది.

మే నెలలో ట్యాంకర్ డ్రైవర్లు సమ్మె కట్టారు. మూడో రోజుకి బంకులన్నిటికీ తాళాలు పడ్డాయి. ఆరో రోజుకి నల్లబజారులో కూడా చుక్క లేదు. తొమ్మిదో రోజుకి మార్కెట్లో డెబ్బై మూడు జనరేటర్లూ నోళ్ళు మూసుకున్నాయి. అంత నిశ్శబ్దం నేను పుట్టాక వినలేదు. పక్కవాడి గొణుగుడు కూడా వినబడేది, అందువల్ల రెండు కొట్లాటలు జరిగాయి. చేపల వరస నుంచి వాసన లేచింది. ఒక్కో కొట్టువాళ్ళూ ముక్కుకి గుడ్డ కట్టుకుని ఫ్రీజర్లలోంచి నీళ్ళోడుతున్న పెట్టెలు ఈడ్చి పారబోశారు.

రుకే తల్లి చేపలు మాత్రం రాళ్ళలా ఉన్నాయి. ఐదు ఫ్రీజర్లు, అంచులదాకా. ఊరంతటికీ మంచి చేప అంటూ ఉంటే అక్కడే ఉంది. జనరేటర్ మాత్రం మోగడం లేదు, దానికీ డీజిల్ లేదుగా.

ఆ శనివారం ఒక పెద్దాయన అంత్యక్రియల విందు ఉంది. మా వైపు మనిషి పెళ్ళి చిన్నగా చేసినా క్షమిస్తారు గాని, ఖననం విందు చిన్నగా చేస్తే మూడు తరాలు చెప్పుకుంటారు. వంట కోమేది. నలభై పెట్టెల చేప కావాలి. గురువారం పొద్దున్నే ఇంకో పదిమంది వంటవాళ్ళతో కలిసి వచ్చి, రుకే తల్లి కొట్టు ముందు నిలబడి, నిశ్శబ్దాన్ని విన్నది.

రుకే తల్లి గుమ్మంలోకి వచ్చింది. తలకి కొత్త గుడ్డ చుట్టుకుని ఉంది. రాత్రంతా ఆలోచించి నిశ్చయించుకున్నట్టుంది మొహం.

"రండి, లోపలికి రండి. అందరూ రండి. ఇవాళ దాచేదేం లేదు."

ఫ్రీజర్లు తెరిచింది. చల్లటి ఆవిరి మొహాల మీదికి కొట్టింది. తర్వాత వెనక గదిలోకి తీసుకెళ్ళింది, నాలుగు పొయ్యిలూ నాలుగు గిన్నెలూ చూపించింది. "జనరేటర్ తీగ ఇదిగో, ఈ పొయ్యిలకి పోతుంది. ఇంకెక్కడికీ పోదు. ఫ్రీజర్ల తీగ అదిగో, పైకి పోతుంది, పలకలకి. నాలుగు నెలలుగా మీరు తిన్నది ఎండ చేప. ఎవరికైనా ఏమైనా అయ్యిందా? కోమే, నీ కొట్టులో ఒక్కరికైనా కడుపు నొప్పొచ్చిందా?"

 కోమే తీగ పట్టుకుని చూసింది. ఆవిడకి తీగల సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు.

రుకే తల్లి గుమ్మం వైపు తిరిగింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"నా మాట నమ్మొద్దు. ఇంజినీర్‌ని అడగండి. జనరేటర్ తీగ బిగించింది ఆయనే. చెప్పు ఇంజినీర్, ఈ తీగ ఎక్కడికి పోతుంది?"

పదకొండు మంది నా కేసి తిరిగారు. మెషీన్ల విషయంలో నా మాటకి ఆ మార్కెట్లో పాస్టర్ మాటకున్నంత విలువ. ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాట నోటిదాకా వచ్చింది. అప్పుడే నా కళ్ళు వీధి మీద పడ్డాయి. రెండు వైపులా నోరు మూసుకున్న జనరేటర్లు, సమ్మె అయిపోగానే నా కోసం కేకలు పెట్టే కొట్లు. ఈవిడ మాట నిలబడితే వచ్చే ఏడాదికి ఆ వరసంతా పలకలెక్కుతాయి. నలభై ఐదేళ్ళ వయసులో నేనేం చేయను? పైకెక్కి మసి తుడవనా?

"నాకు తీగల సంగతి తెలీదు మేడమ్," అన్నాను. "నేను ఇంజన్ మనిషిని."

 రుకే తల్లి నన్ను చూసింది, అంతే. ఇవాళ్టికీ ఆ చూపు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం పుడుతుంది.

ముందుగా కోమే పొట్ట పట్టుకుంది. "నాలుగు నెలలు! మందు పూసిన చేప నాలుగు నెలలు తినిపించావా మాకు? అందుకే నాకు ఫిబ్రవరి నుంచీ తేపులు!" ఆ వెనకావిడకి అప్పటికప్పుడు కళ్ళు తిరిగాయి. మూడో ఆవిడకి ఈస్టర్ నుంచి మోకాలు నొప్పి ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది. నాలుగో ఆవిడ, మొగుడు ఇంకో ఇంట్లో ఉండడం కూడా ఈ చేప తిన్నాకే మొదలైందంది. పది నిమిషాల్లో ఆ కొట్టు ముందు వీధిలో ఉన్నన్ని జబ్బులు మా ఆస్పత్రిలో కూడా లేవు.

కోమే నలభై పెట్టెలూ మార్కెట్ చివరి కొట్టులో కొంది. అక్కడ ఒకాయన ఆ ముందు రోజు నుంచే ఎక్కడో దొరికిన కిరసనాయిలు పోసి జనరేటర్‌ని రోజుకి గంటసేపు దగ్గిస్తున్నాడు. చేపలు మెత్తబడి నీళ్ళు కారుతున్నాయి, గోడ మాత్రం అదురుతోంది. శనివారం విందులో అందరూ కడుపునిండా తిన్నారు. ఆదివారం పొద్దున్న చర్చి సగం ఖాళీ, ఉన్నవాళ్ళు కూడా ప్రసంగం మధ్యలో పొట్ట పట్టుకుని బయటికి పరిగెత్తారు. ఊరు తీర్పు చెప్పేసింది: రుకే తల్లి పెట్టిన పాత విషం ఇప్పుడు బయటపడుతోంది.

సమ్మె పదమూడో రోజున అయిపోయింది. డీజిల్ వచ్చింది, జనరేటర్లు మోగాయి, నాకు ఊపిరాడనంత పని. రుకే తల్లి కొట్టులో మాత్రం ఆ మంచి చేపలు మంచి చేపలుగానే రెండు నెలలు పడి ఉన్నాయి. పాడైపోయి ఉంటే కనీసం పారబొయ్యడానికి మనసొప్పేది. చివరికి ఆవిడ పలకలూ బ్యాటరీలూ అన్నీ సగం ధరకి అమ్మేసింది. ఎబియేరే వచ్చి విప్పింది. విప్పుతూ ఏడ్చింది, నన్ను తిట్టను కూడా తిట్టలేదు.

వచ్చిన డబ్బుతో రుకే తల్లి పాతదానికి రెండింతల జనరేటర్ కొంది. మొదటిసారి స్టార్ట్ చేస్తే నా షెడ్డులో డబ్బాలు అరల్లోంచి కిందపడ్డాయి. కొట్టు ముందు కొత్త బోర్డు రాయించింది: "ఇక్కడ చేపలు అసలైన డీజిల్‌తోనే గడ్డకట్టించబడును." పాస్టర్‌ని పిలిచి ఫ్రీజర్ల మీద ప్రార్థన చేయించింది. వారంలో గిరాకీ వచ్చింది, కోమే అందరికంటే ముందు వచ్చి ఎనిమిది పెట్టెలు కొంది.

పలకలు కొన్నది చీఫ్ ఉముకోరో. మా రోడ్డు మీద డీజిల్ బంకు ఆయనదే. పంపుల ముందు వరస కట్టేవాళ్ళకి నీడగా ఒక పందిరి వేసి దాని మీద పరిపించాడు. ఇప్పుడు ఆయన పంపులు ఎండతో డీజిల్ పోస్తాయి, కరెంటు పోయినా ఆగవు. "డీజిల్ అమ్ముకునేవాణ్ణి, నా సరుకు నేనే కాల్చుకోవడానికి పిచ్చోణ్ణా?" అని అందరితో నవ్వుతూ చెప్తాడు. ఆయన పంపుకి చప్పుడు లేదని ఇంతవరకూ ఎవరూ అనుమానించలేదు.

పోయిన నెల ఆ వరసలో నిలబడ్డాను. నా ముందు రుకే తల్లి, నాలుగు ఖాళీ డబ్బాలతో. ఆవిడ ముందు కోమే. పైన ఆ పలకలే. నేను తీగల సంగతి తెలీదన్న రోజు తర్వాత రుకే తల్లి నాతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు, ఇప్పుడు మాత్రం వెనక్కి తిరిగింది.

"నా నీడలోనే నిలబడ్డాను, ఇంజినీర్. దీనికి మాత్రం చీఫ్ ఇంకా డబ్బులడగలేదు."

నవ్వుతూనే అంది. ఆ నవ్వుకి నాలో ఏదో తెగింది. ఎండలో అంతమంది మధ్య గొంతెత్తి చెప్పేశాను. ఆ తీగ పొయ్యిలకే పోయేదని, ఫ్రీజర్లు పలకల మీదే నడిచేవని, చేపలో ఏ మందూ లేదని, ఆ రోజు నా కడుపు కోసం నేను అబద్ధమాడానని. చెప్పి, తిట్ల కోసం తల వంచుకున్నాను.

కోమే తల కూడా తిప్పలేదు. "తెలుసులే" అంది.

"ఏం తెలుసు?"

"మందు లేదని. ముప్పై ఏళ్ళుగా చేపలు కోస్తున్నాను, మంచు చేపేదో మందు చేపేదో ఆ మాత్రం తెలీదా నాకు?"

"మరి అప్పుడు..."

"నాకు తెలిస్తే ఏం లాభం ఇంజినీర్? నా దగ్గర తినేవాళ్ళకి తెలియాలిగా. మెషీన్ ఉన్న కొట్టులోనే కొన్నావా అని వాళ్ళు అడుగుతారు. నేను కొట్టు నడుపుకోవాలా వద్దా?"

నా వెనక ఒక లారీ డ్రైవర్ దగ్గాడు. "నేను కోమే దగ్గరే తింటాను. నాకూ అప్పుడే అనిపించింది, చేపలో ఏం లేదని. మా తోటివాళ్ళే ఒప్పుకోరు." అతని వెనకాయన, తనకీ తెలుసు గాని తన పెళ్ళాం నమ్మదన్నాడు. ఆ మాట వరసలో వెనక్కి, వెనక్కి పోయింది. అరవై మంది ఉంటారు. ఒక్కొక్కరికీ తెలుసు. ఒక్కొక్కరికీ భయం తమ వెనకున్నవాడి గురించే.

రుకే తల్లి ఆ వరసంతా ఒకసారి చూసింది. ఏడుస్తుందనుకున్నాను, కనీసం శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఆవిడ చూపు తిరిగి తిరిగి నా దగ్గరే ఆగింది.

"వీళ్ళకి అనుమానమే," అంది. "నీకు మాత్రం ఖాయంగా తెలుసు."

పంపు దగ్గర ఎవరో కేకేశారు. ఆవిడ ఖాళీ డబ్బాలని కాలితో ముందుకి తోసింది.

"జరుగు ఇంజినీర్. వెనకవాళ్ళకి ఆలస్యమవుతోంది."